బాపు అంగికి ఎర్ర గుడ్డ

నవ్వనంటేనే చెప్త. ముందే ఒట్టు పెట్టున్రి. మొన్న ఆదివారం మా కొట్టంల జరిగింది తల్చుకుంటే నాకు ఇప్పటికీ సగం నవ్వొస్తది, సగం వెన్నుల చలి పుడ్తది. ఎవలన్న నా ముంగట ‘సిస్టమ్’ అంటే చాలు, ముక్కుకు బీడీ వాసన కొడ్తది. మా ఇంట్ల బీడీ తాగేటోడు ఒక్కడే ఉండె, మా బాపు. ఆయన మొన్న చలికాలంల పోయిండు.

చాయ్ రానియ్యి అన్నా, మొదటికెళ్లి చెప్త.

ఛత్రినాకల మాది పాత పాలోళ్ల ఇల్లు. ముంగట ఇల్లు, ఎన్క రేకుల కొట్టం. ఒకప్పుడు కొట్టం నిండ బర్రెలే. ఒక్కొక్కటి పోంగ పోంగ ఆఖరికి ఒక్కటే మిగిలింది. పేరు చాంది. ఒళ్లు చూస్తే బొగ్గు, పేరేమో వెండి. బాపు పెట్టిండు. ఎవరన్న అడిగితే "దాని మనసు తెలుపు" అనేటోడు. నా గురించి గంత మంచి మాట ఎన్నడూ అనలే.

చాందికి బాపు తప్ప ఇంకొకరి చెయ్యి పడదు. మీకు తెల్వదేమో, బర్రె పాలియ్యాల్నంటే ముందు చేపాలె. అంటే పొదుగులకు పాలు దింపాలె. అది దాని ఇష్టం, మనం ఎంత గుంజినా రాదు. బాపు పోయినంక చాంది చేపుడు బంద్ పెట్టింది. అమ్మ కూసుంటే చిన్న గిన్నెడు ఇచ్చి మిగిలింది లోపల్నే ఆపుకుంటది. పిండెటోన్ని ఒకన్ని తోలుకొచ్చినం. తొడ మీద ఒక్కటి తన్నింది. ఆ మనిషి మళ్ల మా గల్లీల కనబడలే.

మా యాదగిరి మామ, అంటే అమ్మ తమ్ముడు, వచ్చి తేల్చి చెప్పిండు. "అక్కా, పాలియ్యని బర్రెకు ఎన్ని దినాలు మేతేస్తవే? బోనాల దాంక చూస్త. అప్పటికి గూడ బకీట్ నిండకపోతే మాదన్నపేటల నాకెరుకైన బర్రెలు కొనే భాయ్ ఉన్నడు, తోలుకొస్త. ఇచ్చేద్దాం."

అమ్మ కొంగు నోట్ల కుక్కుకొని కొట్టంలకు పోయింది. బాపు పోయిన్నాడు ఏడ్వని మనిషి, చాంది మెడ మీద చెయ్యేసి ఏడ్సింది. నేను తలుపు సందుల కెళ్లి చూసిన. నాకు మస్తు బాధైంది. ఎట్లన్న చేసి ఈ బర్రెను ఇంట్లనే ఉంచాల్నని గప్పుడే అనుకున్న.

సరిగ్గ గప్పుడే మా ఫ్యాక్టరీల ట్రైనింగ్ పెట్టిండ్రు. నేను కంచన్‌బాగ్ దిక్కు ఫ్యాక్టరీ స్టోర్స్‌ల పనిచేస్తగద. బయటికెళ్లి ఒక సార్ వచ్చిండు. మెడల టై, చేతిల రిమోట్, మాట మాటకు ఇంగ్లీష్. ఆర్గనైజ్ అంటే ఏ సామాను ఏడుండాల్నో ఆడ పెట్టుడు. సిస్టమటైజ్ అంటే ఆ పెట్టుడుకు ఒక పద్ధతి చేసుడు. స్టాండర్డైజ్ అంటే ఎవడు చేసినా ఒక్క తీర్గనే చేసుడు. రెగ్యులరైజ్ అంటే ఆగుకుంట సాగుకుంట నడిచేదాన్ని రోజూ నడిచేటట్టు చేసుడు. స్ట్రీమ్‌లైన్ అంటే ఏందో నాకు ఇప్పటికీ తెల్వది గని, అంటుంటే నోటికి మస్తు మజా వస్తది.

నిజం చెప్పాల్నంటే ఆ మాటలు నాకు ఎక్కినయి. కల్లు గూడ గంత జల్ది ఎక్కదు. ఇంటికొచ్చి మా సుజాతతోని, "మనింట్ల చాయ్ స్టాండర్డైజ్ కాలే, పొద్దుగాల ఒక తీర్గ ఉంటది, సాయంత్రం ఇంకో తీర్గ" అన్న. "స్టాండర్డ్ చాయ్ కావాల్నంటే హోటల్‌కు పో" అన్నది నా పెండ్లాం. పోయిన. వాళ్లది గూడ స్టాండర్డైజ్ కాలే.

ఇంట్ల నడ్వలే, కొట్టం మీద పడ్డ. చాంది ఎందుకు పాలిస్తలేదు? పద్ధతి లేదు, గందుకే! పచ్చరంగు డబ్బా ఒకటి, నల్లరంగు డబ్బా ఒకటి తెచ్చిన. నేల మీద పచ్చ గీతలు కొట్టిన. గడ్డి ఈడ, తౌడు ఈడ, నడిచే తొవ్వ ఈడ. బాపు కూసునే ముక్కాలి పీట ఎప్పుడూ చాందికి ఎడమ దిక్కే ఉంటది. ఆడ వెలుతురు లేదని కుడి దిక్కు కిటికి కాడ నాలుగు మూలల చౌరస్ గీసి అండ్ల పెట్టిన. గోడ మీద ప్రతి సామానుకు దాని ఆకారం నల్లగ గీసిన. కొడవలికి కొడవలి నీడ, చీపురుకు చీపురు నీడ, బకీటుకు బకీటు నీడ. సామాను తీస్తే నీడ మిగుల్తది, ఏది లేదో టక్కున తెలుస్తది. ఫ్యాక్టరీల ట్యూబ్‌లైట్ల కింద చూస్తే బాగనే ఉంటది. మా చీకటి కొట్టంల, సామాన్లు లేని నీడలు గోడ నిండ చూస్తుంటే మాత్రం నాకే ఎట్లనో అనిపించింది.

సుజాత వచ్చి చూసింది. "ఇదేందయ్యా, చచ్చిపోయిన సామాన్ల ఫోటోలు పెట్టినట్టున్నది" అన్నది.

ప్రతి పనికి ఒక ఓనర్ ఉండాలె, వాని పేరు గోడ మీద కనబడాలె అని సార్ మరీ మరీ చెప్పిండు. చాంది మొఖానికి ఎదురుంగ పెద్ద అక్షరాలతోని రాసిన: ఓనర్, శ్రీశైలం. అంటే నేనే. చాంది ఆ పేరు దిక్కు చూసుకుంటనే పెండ ఏసింది.

ఇంకో ముచ్చట. పనికిరాని సామానుకు ఎర్ర గుడ్డ కట్టి పక్కకు తీసెయ్యాలె. కొట్టంల గసొంటిది ఏమున్నదని చూస్తే, మూలకు గోడకు కొట్టిన మొలకు బాపు గళ్ల అంగి కనబడ్డది. పాలు పిండెటప్పుడు ఏస్కునేది. దాని మీద తలకు చుట్టే రుమాలు. కింద టైర్ చెప్పులు, ఒక బీడీల డబ్బా. అన్నిటినీ కట్ట కట్టి, మీద ఎర్ర గుడ్డ ముడేసి, గోనె సంచిల పెట్టి సజ్జ మీదికి ఎక్కించిన.

అమ్మ గడప కాడ నిలబడి చూస్తున్నది. "అది ఉండనియ్యరాదురా" అన్నది.

"అమ్మా, ఎమోషన్ వేరు, ఆర్గనైజేషన్ వేరు."

"ఆ రెండు మాటలు నాకు రావు" అని లోపలికి పోయింది.

ఇగ చూడున్రి నా తమాషా. కొన్ని దినాలకే చాంది చేపింది! బకీట్ నిండింది! నేను ఫస్ట్ షిఫ్ట్‌కు చీకటితోని పోతా, సాయంత్రం వచ్చేసరికి అమ్మ పాలు పిండుడు అయిపోతది. ఆదివారాలేమో నిద్రకే సరిపోతయి. కాబట్టి నేను చూసేది నిండిన బకీట్ ఒక్కటే. "చూసినవా అమ్మా, సిస్టమ్ పెడితే బర్రె గూడ లైన్ల పడ్డది" అన్న. "అవు కొడ్కా" అన్నది. సుజాత పక్కకు తిరిగి మొఖం తుడ్చుకున్నది. చెమట అనుకున్న.

ఫ్యాక్టరీల ఛాతీ విరుచుకొని చెప్పుకున్న. సార్ గూడ ఖుష్ అయ్యిండు. "బర్రె మీద సక్సెస్ అయిందా? ఫెంటాస్టిక్! ఆదివారం వచ్చి చూస్తా, ఫోటో తీసి ట్రైనింగ్ క్లాసుల్లో చూపిస్తా" అన్నడు.

గని అన్నా, గప్పటికే కొట్టంల నాకు భయం మొదలైంది.

ముందుగాల పీట. పొద్దుగాల డ్యూటీకి పోయేటప్పుడు పచ్చ చౌరస్‌ల పెడ్త. సాయంత్రం వచ్చి చూస్తే ఎడమ దిక్కు, బాపు జాగల. మళ్ల పెడ్త, మళ్ల జరుగుతది. అమ్మనడిగితే "నాకేమెరుక, చాంది జరిపిందేమో" అన్నది. తర్వాత వాసన. కొట్టంల అడుగు పెడ్తే బీడీ వాసన, పాతది కాదు, అప్పుడే ఆర్పినట్టు. ఒక దినమైతే మా ఇంటెన్క దండెం మీద ఆరేసిన నా ఆఫీస్ షర్ట్‌కు ఎర్ర గుడ్డ కట్టున్నది. నేను బాపు అంగికి కట్టిన గుడ్డనే! గాలికి ఊగుతున్నది. షర్ట్ ఆడనే ఇడిచి లోపలికి ఉరికిన.

అన్నిటికంటే ఘోరం పెయింట్ మీద అడుగులు. నడిచే తొవ్వకు మళ్లొకసారి పచ్చరంగు ఏసి, ఆరనియ్యి అని డ్యూటీకి పోయిన. వచ్చి చూస్తే తడి రంగు మీద టైర్ చెప్పుల అచ్చులు. గడప కాడికెళ్లి సక్కగ చాంది దాంక పోయినయి. వాపస్ వచ్చిన అచ్చులు లేవు. అటు పోయిన మనిషి ఆడనే ఉన్నట్టు.

నేను చాంది దిక్కు చూసిన. చాంది నా ఎన్క ఎవరినో చూస్తున్నది. తిరిగి చూసే ధైర్యం నాకు లేదు. ఎన్కకు ఎన్కకే నడిచి బయటపడ్డ. ఆ దినంకెళ్లి కొట్టంలకు పోతే ముందు తలుపు కొట్టి పోయేది. నా కొట్టం తలుపు నేనే కొట్టుడు!

ఇగ ఆదివారం వచ్చింది. సాయంత్రం మామ మాదన్నపేట భాయ్‌ని తోలుకొస్తనని ఫోన్ చేసిండు. బకీట్ నిండుతున్నదని చెప్తే నమ్ముతలేడు, "కండ్లతోని చూస్త" అన్నడు. సార్‌ను గూడ సాయంత్రమే రమ్మన్న. ఆ సారేమో మొగులు పట్టింది, వానొస్తదని తొందరపడి, అన్నం తిన్న కొద్దిసేపటికే ఆటో దిగిండు. తెల్ల ప్యాంటు. గది యాదికుంచుకోన్రి.

బయట మధ్యాహ్నమే మాపైనట్టు చీకటి. కరెంట్ పోయింది. వాన మొదలైంది. గుడి దిక్కుకెళ్లి బోనాల డప్పు ఉండుండి వినబడ్తున్నది. అమ్మ కనబడలే, పడుకున్నదనుకున్న. గొడుగు పట్టి సార్‌ను కొట్టం కాడికి తీసుకపోయిన. తలుపు కొట్టుడు మర్చిపోయిన.

లోపల బీడీ వాసన గుప్పుమన్నది. రేకుల మీద వాన చప్పుడు, దాని కింద ఇంకో చప్పుడు, పాలధార బకీట్ల పడ్డ చప్పుడు. కండ్లకు చీకటి అలవాటైనంక చూసిన. పీట ఎడమ దిక్కున్నది. పీట మీద గళ్ల అంగి. తలకు రుమాలు. వీపు మా దిక్కు. ముంగట చిన్నగ ఎర్ర నిప్పు. ఒక్కసారి దగ్గు వినబడ్డది. బాపు దగ్గే, రెండు పొట్టియి, ఒక పొడుగుది.

సార్‌కు ఏమెరుక, నవ్వుకుంట అడిగిండు, "ఎవరండీ వీరు?"

"మా... మా బాపు సార్."

"ఓహ్! నమస్తే అండీ!" అని సార్ చేతులు జోడించిండు.

"సార్, ఆయన చచ్చిపోయిండు."

సార్ చేతులు జోడించినయి జోడించినట్టే ఉన్నయి. మనిషి మాత్రం లేడు. నేను "బాపూ!" అని బొబ్బ పెట్టి ఎన్కకు ఉరికి, తలుపు పక్కన పెండకుప్పల పడ్డ. మెత్తగ తాకింది. కింద చూస్తే సార్. నాకంటే ముందే వచ్చిండు.

నా బొబ్బకు చాంది బెదిరి ఎగిరింది. బకీట్ బోర్ల పడ్డది. పీట మీది మనిషి పక్కకు పడి, చెయ్యి కింద పెట్టి, "ఓ నీ గొంతు పడిపోను!" అని అరిచింది. రుమాలు జారింది. తెల్లజుట్టు ముడి కనబడ్డది. నోట్ల బీడీ ఇంకా కాల్తనే ఉన్నది.

అమ్మ!

చీర మీదనే బాపు అంగి తొడుక్కున్నది. "గా సంచి సజ్జ మీదికెక్కించిన తెల్లారే దించిన" అన్నది మణికట్టు పట్టుకొని. "చాందికి ఆయన వాసన కావాలె. అంగి వాసన చాల్తలేదు, బీడీ ముట్టించిన. గది గూడ చాల్తలేదు, దగ్గు నేర్చుకున్న. అప్పుడు చేపింది. ఇయ్యాల మామ రాకముందే నింపుదామని జల్ది కూసున్న."

"మరి అడుగులు? పోయినయే గని వచ్చినయి లేవుగద?"

"చెప్పులకు నీ దిక్కుమాలిన రంగంటింది. విడిచి చేతిల పట్టుకొని గోడ పొంటి వచ్చిన."

"నా షర్ట్‌కు ఎర్ర గుడ్డ?"

"గది నేనే కట్టిన. ఏ పనికీ రానిదానికి కట్టాలంటివి గద. ఇల్లంత చూసిన, నువ్వే కనబడ్డవు."

సుజాత అప్పటికే గడప కాడ కూలబడి పొట్ట పట్టుకొని నవ్వుతున్నది. ఆమెకు మొదటికెళ్లి ఎరుకేనంట!

"నాకెందుకు చెప్పలేవే?" అన్న. నిజంగ కోపమొచ్చింది.

అమ్మ నా దిక్కు చూసింది. "నువ్వు గా ఇంగ్లీష్ మాటలు అనుకుంట సంబురపడ్తుంటివి. బాపు పోయినంక నువ్వు సంబురపడుడు గదే మొదలు. ఇంకోటి..." అని అంగి చేతిని సవరించుకున్నది. "ఇది ఏస్కుంటే చాందికేనా, నాకు గూడ ఆయన ఉన్నట్టుంటదిరా."

పెండలకెళ్లి లేచి, చేతులు గోడకు తుడ్చుకొని అమ్మను పట్టి లేపిన.

అమ్మ మణికట్టు అప్పటికే ఉబ్బింది. సుజాత అమ్మను ఆటోల ఎక్కించుకొని, కట్టు కట్టే పహిల్వాన్ కాడికి పోయింది. సార్ ఇంకో ఆటో ఎక్కిండు. ఆటో భాయ్ సీటు మీద గోనె సంచి పరిచినంకనే కూసోనిచ్చిండు. పోయే ముందు అమ్మ అంగి విడిచి నా చేతిల పెట్టింది. "మామ వచ్చే యాళ్లైంది. పాలు నేల పాలైనయి గని పొదుగుల ఇంకా ఉన్నయి. ఏస్కో. నోరు మాత్రం తెరువకు. మీ బాపు చాంది కాడ మాట్లాడేటోడు కాదు."

ఒక్కన్నే మిగిలిన. వాన తగ్గుతలేదు. గోడ నిండ నల్ల నీడలు. కడుక్కొని వచ్చి బాపు అంగి ఏస్కున్న. రుమాలు చుట్టుకున్న. బీడీ ముట్టిచ్చి ఆ నిప్పును పొదుగుకు దూరంగ పట్టుకున్న. అంగి కాలర్ ముక్కుకు తాకింది. తౌడు, చెమట, బీడీ. చిన్నప్పుడు బాపు సైకిల్ మీద ముంగట కూసుంటే ఎన్కకెళ్లి వచ్చేటి వాసన. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పనికిరాదని గుడ్డ కట్టిన చెయ్యి ఇదేగద అనిపించింది.

చాంది మెడ తిప్పి నా భుజం వాసన చూసింది. ఒకసారి, మళ్లొకసారి. మెల్లగ పొదుగు నిండింది. చేపింది! చెయ్యేసిన. ధార వచ్చింది. ఇగ నా సంబురం ఆగలే. నోట్లకెళ్లి దానంతటదే ఊడిపడ్డది: "వెరీ గుడ్! రెగ్యులరైజ్ అయినవ్!"

టక్కున పాలు బంద్. తోకతోని మొఖం మీద ఒక్కటిచ్చింది. బకీట్ల చూస్తే అడుగు గూడ మునుగలే. అయిపాయె అనుకున్న. మామ వస్తడు, భాయ్ వస్తడు, చాంది పోతది, అమ్మ కట్టుకట్టిన చెయ్యితోని వచ్చి ఖాళీ కొట్టం చూస్తది. నా నోరే చేసింది గిదంత.

గప్పుడు నా ఎన్క దగ్గు వినబడ్డది. రెండు పొట్టియి, ఒక పొడుగుది.

అమ్మ వచ్చేసింది, పానం లేచొచ్చింది నాకు. నోరు తెరువొద్దన్నది యాదికొచ్చి తిరుగలే, పలుకలే. చాంది చెవులు ఎన్కకు తిప్పింది. ధార వచ్చింది. ఎట్లొచ్చిందంటే, నా చేతులు నొయ్యంగ వచ్చింది. బకీట్ నిండి నురుగు అంచు దాటింది.

గంతల గడప కాడ "బావా!" అని పెద్ద కేక. చూస్తే యాదగిరి మామ. కేక ఇంకా గాలిల్నే ఉన్నది, మామ పెండకుప్పల ఉన్నడు.

"నేను మామా, శ్రీశైలాన్ని!" అని రుమాలు తీసిన.

మామ లేచి, నన్ను, అంగిని, నురుగు బకీట్‌ను చూసిండు. "అంగి ఏస్కుంటే ఏస్కున్నవు గనిరా, బావ దగ్గు గూడ దించినవు? గల్లీ మొదట్ల వినబడ్డది. నా గుండె ఆగినంత పనైంది."

"నేను దగ్గలే మామా. అమ్మ దగ్గింది."

"అక్కేది?"

ఎన్కకు తిరిగి చూసిన. ఎవ్వరు లేరు. గోడ మీద నీడలున్నయి, ఖాళీ మొల ఉన్నది. చాంది నెమరేస్తున్నది. అప్పుడే గల్లీల ఆటో ఆగింది. అమ్మ చేతికి కట్టుతోని దిగుతున్నది.

గడప బయట నిలబడ్డ మాదన్నపేట భాయ్ ఇదంత విన్నడు. మా మొఖాలు చూసిండు. మెల్లగ ఎన్కకు నడిచి, "నక్కో భాయ్, మేరెకు ఏ భైంస్ నక్కో!" అని, నాకీ బర్రె వద్దే వద్దని వానల తడుసుకుంటనే పోయిండు. మామ ఇగ అమ్మే ముచ్చట ఎత్తలే. ఎత్తడు గూడ.

అమ్మకు చెప్పిన, గిట్ల గిట్ల దగ్గు వినబడ్డదని. భయపడుతదనుకున్న. బకీట్ దిక్కు చూసి, పీట దిక్కు చూసి, "నీతోని అయితలేదని వచ్చిండు గావచ్చు. పాలు పొంగుతయి, లోపలికి తీస్కపో" అన్నది.

అది దగ్గో, రేకుల మీది వానో, నా భయమో, నాకు తెల్వది. తెల్లారే లేచి గోడకు సున్నమేసిన. నీడలన్నీ పోయినయి. అంగి మళ్ల మొలకే ఉన్నది, పీట ఎడమ దిక్కే ఉన్నది. చాంది ముంగట రాసిన నా పేరు మీద అయితే సున్నం రెండు కోటింగ్‌లు కొట్టిన.

ఆ తర్వాత డ్యూటీకి పోతే సార్ క్లాసుల నన్నే లేపిండు. కొత్త ప్యాంటు ఏస్కొచ్చిండు. కొంచెం దూరంగనే నిలబడి, "ఇంతకీ శ్రీశైలం గారూ, ఆ షెడ్డుకు అసలు ఓనర్ ఎవరండీ?" అని అడిగిండు.

అందరు నా దిక్కు చూస్తున్నరు. చెప్దామని నోరు తెరిచిన అన్నా. మాట రాలే, దగ్గొచ్చింది. రెండు పొట్టియి, ఒక పొడుగుది.